ఒక్క మెతుకు చాలునా?

మన సంఘం ఉగాది సంచికకి ఏదైనా రాయమని సంపాదకులు నాలుగేళ్ళుగా అడుగుతున్నారు. "కథలూ కవితలూ రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. మీరు మీ వృత్తి గురించి రాయండి, నలుగురికీ పనికొస్తుంది" అన్నారు ఈసారి. పండగ పూట, పిల్లల డాన్సు ఫోటోల పక్కన, నా వృత్తి గురించి రాయాలంటే కొంచెం మొహమాటంగానే ఉంది. ఎందుకంటే నేను పాథాలజిస్టుని.

మన వాళ్ళ లెక్కలో డాక్టర్లు రెండు రకాలు: నాడి పట్టేవాళ్ళు, కత్తి పట్టేవాళ్ళు. నేను ఆ రెండింటిలోనూ చేరను. గుంటూరులో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి పాథాలజీలో చేరుతున్నానని చెప్పినప్పుడు మా బాబాయి, "అదేవిట్రా, ఇంత చదువూ చదివి శవాల డాక్టరువవుతావా?" అని బాధపడ్డాడు. నిజానికి నేను ఏడాది మొత్తంమీద చూసే శవాలు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. చూసే ముక్కలు మాత్రం వేలకొద్దీ. అవి దాదాపు అన్నీ బతికున్న మనుషులవే. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఒక ఆసుపత్రిలో, కింది అంతస్తులో, మైక్రోస్కోపు ముందు కూర్చుని నేను రాసే నాలుగు వాక్యాల కోసం పై అంతస్తుల్లో ఎవరో నిద్రపోకుండా ఎదురుచూస్తూ ఉంటారు.

సంఘం సమావేశాల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు నన్ను పక్కకి పిలిచి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీస్తారు. "మా ఆవిడ బెఫుండ్ అండీ, ఇందులో ఏం రాశారో కాస్త చెబుదురూ" అంటారు. అది చదివి చెప్పడం నాకు కష్టం కాదు. ఈ మధ్య దానితోపాటు రెండో కాగితం కూడా తెస్తున్నారు. మిగిలిపోయిన ముక్కని పరిశోధనకి వాడుకోవడానికి అనుమతి ఇమ్మని ఆసుపత్రివాళ్ళు ఇచ్చే ఫారం అది. నాలుగైదు పేజీల జర్మను, చివర సంతకానికి గీత. "పెట్టమంటారా, వద్దంటారా?" అన్న ఈ రెండో ప్రశ్నకి జవాబు ఒక్క మాటలో చెప్పలేను. అంచేత ఈ వ్యాసం.

ముందు ఆ ముక్క ఏమవుతుందో చెప్తాను.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి కుండంతా కుమ్మరించి చూడక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలునంటారు మన వాళ్ళు. బయాప్సీ అంటే అదే. అయితే ఈ మెతుకు కుళ్ళిపోకుండా ముందు ఫార్మలిన్‌లో వేస్తారు. ఫార్మలిన్‌కి ఈ గుణం ఉందని 1893లో కనిపెట్టినది ఫ్రాంక్‌ఫర్ట్ డాక్టరు ఫెర్డినాండ్ బ్లూమ్. క్రిములు చంపే మందుగా పరీక్షిస్తూంటే తన వేళ్ళమీది చర్మమే గట్టిపడడం ఆయన గమనించాడు. ఫార్మలిన్‌లో ఊరిన ముక్కలోంచి నీరంతా తీసేసి, కరిగిన మైనంలో పోసి, చిన్న దిమ్మ చేస్తారు. దాన్నే బ్లాకు అంటాం. ఆ దిమ్మని మిల్లీమీటరులో మూడు నాలుగు వెయ్యోవంతుల మందాన, అంటే తలవెంట్రుకలో సుమారు ఇరవయ్యో వంతు మందాన, పొరలుగా కోసి గాజుపలక మీద పరుస్తారు.

ఇంత పల్చటి పొరకి రంగే ఉండదు. చూస్తే ఏమీ కనబడదు. అందుకని రంగులు అద్దాలి. కణం మధ్యలో ఉండే కేంద్రకానికి హెమటాక్సిలిన్ నీలం పూస్తుంది. అది మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు మానులోంచి వస్తుంది. మిగతా భాగానికి ఇయోసిన్ గులాబి రంగు పూస్తుంది. ఇయోసిన్‌ని 1870లలో తయారుచేసినవాడు లుడ్విగ్స్‌హాఫెన్‌లో బి.ఏ.ఎస్.ఎఫ్. కంపెనీ రసాయనవేత్త హైన్రిష్ కారో. ఈ పేరు మన జిల్లాలకీ కొంచెం సంబంధించినదే. అదే కంపెనీ 1897లో కృత్రిమ నీలిమందు అమ్మడం మొదలుపెట్టాక కడప, నెల్లూరు జిల్లాల్లో నీలి మొక్క పండించి తొట్లలో రంగు దించిన రైతుల వ్యాపారం దెబ్బతింది. ఆ రంగుల పరిశ్రమ మన తొట్లు ఎండగట్టింది, రోగాన్ని కంటికి కనబడేలానూ చేసింది. ఒక రంగు ఒక రకం కణాన్నే పట్టుకుని పక్కదాన్ని ఎందుకు వదిలేస్తుందన్న ప్రశ్నతో పాల్ ఎర్లిష్ జీవితమంతా గడిపాడు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్న ఎర్లిష్ కూడా చివరి పదిహేనేళ్ళూ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే పనిచేశాడు. ఇవాళ రొమ్ము క్యాన్సరు ముక్క మీద ప్రత్యేకమైన రంగులు వేసి, "దీనికి హార్మోను మాత్రలు పనిచేస్తాయి, దానికి పనిచెయ్యవు" అని చెప్పగలుగుతున్నామంటే దాని వేళ్ళు అక్కడున్నాయి.

ముక్కలో రోగం చూడచ్చన్న ఆలోచనకే బలం ఇచ్చినవాడు రుడాల్ఫ్ ఫిర్హో. అంతకుముందు వైద్యులు వాత పిత్త శ్లేష్మాల వంటి ద్రవాల హెచ్చుతగ్గుల్లో రోగాన్ని వెతికేవారు. యూరపులోనూ అదే తీరు. ఫిర్హో 1858లో బెర్లిన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో, రోగం కణంలో పుడుతుంది, ప్రతి కణమూ ఇంకో కణంలోంచే పుడుతుంది అని నిలబెట్టాడు. 1899లో షారిటే ఆసుపత్రి ఆవరణలో ఆయన తెరిచిన మ్యూజియంలో 20,000కు పైగా నమూనాలు ఉండేవి. రెండో ప్రపంచయుద్ధం బాంబుల్లో చాలా భాగం పోయాయి. మిగిలినవి ఇప్పటికీ చూడచ్చు. బెర్లిన్ వెళ్ళినప్పుడు పెద్ద పిల్లల్ని తీసుకెళ్ళండి. చిన్నవాళ్ళకి మాత్రం వద్దు.

అంతటి ఫిర్హో చేతికే ఒక మెతుకు వచ్చింది. ఆ కథ చెప్పకుండా బయాప్సీ గురించి చెప్పలేం.

1887 జనవరిలో జర్మనీ యువరాజు ఫ్రీడ్రిష్ గొంతు బొంగురుపోయింది. ఈయన విక్టోరియా రాణికి పెద్దల్లుడు. ప్రొఫెసర్ గెర్హార్ట్ అద్దం పెట్టి చూస్తే ఎడమ స్వరతంత్రి మీద చిన్న కంతి కనబడింది. ఎర్రగా కాల్చిన ప్లాటినం తీగతో దాన్ని మాడ్చారు. మళ్ళీ పెరిగింది. ఇది క్యాన్సరే, గొంతు తెరిచి తీసేస్తానన్నాడు సర్జను బెర్గ్‌మన్. మే నెలలో ఆపరేషనుకి రోజు కూడా పెట్టారు. ఈలోగా లండన్ నుంచి మోరెల్ మెకంజీ అనే గొంతు డాక్టరుని రప్పించారు. ఆయన, "ముక్క తీసి పరీక్ష చెయ్యకుండా కొయ్యడానికి వీల్లేదు" అని పట్టుబట్టి, చిమటాతో చిన్న తునక తీసి ఫిర్హోకి పంపాడు. అందులో క్యాన్సరు కనబడలేదన్నాడు ఫిర్హో. ఆపరేషను ఆగిపోయింది. తరవాత పంపిన ముక్కల్లోనూ కనబడలేదు. కాని కంతి మాత్రం పెరుగుతూనే ఉంది. నవంబరు నాటికి, ఇటలీలో సాన్‌రెమోలో ఉండగా, క్యాన్సరేనని తేలిపోయింది. 1888 ఫిబ్రవరిలో ఊపిరాడక గొంతుకి రంధ్రం చెయ్యాల్సి వచ్చింది. మార్చిలో తండ్రి పోయి ఈయన చక్రవర్తి అయ్యేటప్పటికి నోట మాట లేదు. కాగితాల మీద రాసి చూపిస్తూ 99 రోజులు ఏలి, జూన్ 15న కన్నుమూశాడు. శవపరీక్షలో స్వరపేటికంతా క్యాన్సరు తినేసి ఉంది. సింహాసనం కొడుకు రెండో విల్‌హెల్మ్‌కి వచ్చింది. ఆ తరవాత 1914లో ఏం జరిగిందో మీకు తెలుసు.

ఇందులో ఫిర్హో చూపు తప్పిందా అన్న చర్చ నూరేళ్ళకి పైగా నడిచింది. నాకు మాత్రం ఆయన నివేదికలో ఉన్న ఒక జాగ్రత్త ముఖ్యం. నాకు పంపిన ముక్కల్లో లేదన్నాడు గాని, దీన్నిబట్టి రోగం మొత్తం గురించి నిశ్చయంగా చెప్పలేమని కూడా రాశాడు. చదివినవాళ్ళు మొదటి సగమే చదువుకున్నారు. అన్నం కుండలో ఒక మెతుకుకీ ఇంకో మెతుకుకీ తేడా ఉండదు. మనిషి ఒంట్లో ఉంటుంది. అందుకే "బయాప్సీలో ఏమీ లేదన్నారు కదా, మళ్ళీ తీస్తామంటారేం? డబ్బు కోసమా?" అని మీకెప్పుడైనా అనిపిస్తే ఆ చక్రవర్తిని తలుచుకోండి.

ఇక రెండో కథ మా ఊరిదే. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ పిచ్చాసుపత్రికి 51 ఏళ్ళ ఆగుస్తే డేటర్ అనే ఇల్లాలిని భర్త తీసుకొచ్చి చేర్పించాడు. భర్త మీద అనుమానాలు, వంటలో పొరపాట్లు, వస్తువులు ఎక్కడెక్కడో దాచడం, రాత్రిళ్ళు దుప్పటి ఈడ్చుకుంటూ తిరగడం. అలోయిస్ ఆల్ట్స్‌హైమర్ అనే డాక్టరు ఆవిడ పక్కన కూర్చుని ఓపిగ్గా ప్రశ్నలు వేసి జవాబులు రాసుకున్నాడు. పేరు రాయమంటే మొదటి మాట రాసి మిగతాది మరిచిపోయేది. ఆయన తరవాత మ్యూనిక్ వెళ్ళిపోయినా ఆవిడ గురించి వాకబు చేస్తూనే ఉన్నాడు. 1906 ఏప్రిల్‌లో ఆవిడ పోయాక మెదడు తెప్పించుకుని, వెండి లవణంతో రంగు వేసి చూశాడు. కణాల్లో చిక్కుపడిన దారాలు, కణాల మధ్య మచ్చలు కనబడ్డాయి. ఆ నవంబరులో ట్యూబింగెన్‌లో వైద్యుల సభలో చెబితే ఒక్కరు కూడా ప్రశ్న వెయ్యలేదు. 1910లో క్రేపెలిన్ తన పుస్తకంలో ఆ రోగానికి ఆల్ట్స్‌హైమర్ పేరు పెట్టాడు. ఆగుస్తే కేసు కాగితాలు 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దొరికాయి. ఆవిడ మెదడు గాజుపలకలు కూడా ఆ దశకంలోనే మ్యూనిక్‌లో బయటపడ్డాయి. 2013లో ఆ పలకల మీదినుంచి జన్యువు తీసి ఒక మార్పు కనిపెట్టామన్నారు ఒక జట్టు. మరుసటేడే ఇంకో జట్టు పరీక్షించి అది లేదన్నారు. మనిషి పోయి నూరేళ్ళు దాటినా ముక్క ఇంకా జవాబు చెబుతూనే ఉంది.

మన ఊళ్ళలో "ముసలితనంలో చాదస్తం" అని వదిలేసిన ఎంతమంది అమ్మమ్మలకి ఉన్నది ఈ రోగమేనో!

ఇక్కడిదాకా ముక్క మహిమ. ఇప్పుడు చెప్పేది చదవడానికి కష్టంగా ఉంటుంది గాని, ఈ దేశంలో ఉంటూ చెప్పకపోతే అబద్ధమే అవుతుంది.

1940, 1941 సంవత్సరాల్లో నాజీ ప్రభుత్వం మానసిక రోగులనీ, వికలాంగులనీ, అందులో పిల్లల్ని కూడా, "బతకడానికి తగనివాళ్ళు" అని ముద్ర వేసి ఆసుపత్రుల నుంచి బస్సుల్లో తీసుకెళ్ళి విషవాయువుతో చంపింది. 1941 ఆగస్టు నాటికే 70,000 మందికి పైగా చనిపోయారు. ఆ పథకాన్ని పైకి ఆపామన్నా చంపడం వేరే దారుల్లో యుద్ధం చివరిదాకా సాగింది. బెర్లిన్ శివార్లలో బూఖ్‌లో ఉన్న మెదడు పరిశోధనా సంస్థలో యూలియస్ హాలర్‌ఫోర్డెన్ అనే పాథాలజిస్టు ఈ హతుల మెదళ్ళు వందలకొద్దీ, సుమారు 700, సేకరించాడు. యుద్ధం అయ్యాక ఆయనకి శిక్ష పడలేదు. పరిశోధన కొనసాగించాడు. ఆ గాజుపలకలు దశాబ్దాలపాటు సంస్థల బీరువాల్లో ఉన్నాయి, వాటిని చూసి వ్యాసాలు రాశారు. 1990లో మాక్స్ ప్లాంక్ సొసైటీ ఆ నమూనాలని మ్యూనిక్ వాల్డ్‌ఫ్రీడ్‌హోఫ్ శ్మశానంలో పూడ్చి స్మారకం కట్టించింది. 2015లో మరికొన్ని బయటపడ్డాయి. 2017 నుంచి, ఏ ముక్క ఎవరిదో పేరుపేరునా కనుక్కునే పని చేపట్టారు. ఆయన పేరుతో పిలిచిన జబ్బుకి కూడా పేరు మార్చారు.

నియమాలు లేక ఇది జరిగిందనుకుంటే పొరపాటు. రోగి ఒప్పుకోకుండా ప్రయోగాలు చెయ్యకూడదని ప్రష్యా ప్రభుత్వం 1900లోనే ఉత్తర్వు ఇచ్చింది. 1931లో జర్మనీ మొత్తానికీ ఇంకా గట్టి మార్గదర్శకాలు వచ్చాయి. రెండేళ్ళకే అవి కాగితాల మీద మిగిలాయి. 1947లో న్యూరెంబర్గ్ తీర్పులో మళ్ళీ మొదటి సూత్రంగా రాసుకోవాల్సి వచ్చింది: మనిషి తెలిసి, ఇష్టపడి ఒప్పుకోవాలి. మీ చేతికొచ్చే ఆ నాలుగు పేజీల జర్మను ఫారం వెనక ఈ చరిత్రంతా ఉంది. దాన్ని చాదస్తపు కాగితం అనుకోకండి.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. 2017లో తెనాలిలో మా అమ్మకి రొమ్ములో గడ్డ తగిలింది. ముక్క తియ్యాలన్నారు. "కత్తి పడితే రేగుతుందిరా, మీ పెద్దమ్మకి అలాగే అయింది" అంది ఫోనులో. మా పెద్దమ్మ సంగతి నాకు తెలుసు. రెండేళ్ళు దాచుకుని, పుండు పడ్డాక ఆసుపత్రికి వెళ్ళింది. అప్పటికే ఆలస్యం. పోయింది. అందరూ కత్తినే తిట్టారు. మన వాళ్ళలో ఈ భయం అలా పుట్టిందే. సూది బయాప్సీ వల్ల రోగం పాకడం చాలా అరుదు. వృషణం గడ్డ, కొన్ని లివరు గడ్డలు వంటి చోట్ల ఆ ప్రమాదం ఉందని తెలుసు గనకనే అక్కడ డాక్టర్లు సూది పెట్టరు, లేదా ఆచితూచి పెడతారు. ఇదంతా చెప్పాను. అమ్మ అంతా విని, చివరికి ఒక్కటే అడిగింది. "ఆ ముక్క తరవాత నాదా, వాళ్ళదా?"

ఇరవై ఏళ్ళ చదువులో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. "నీదేనమ్మా. నీ రోగం చూడ్డానికి తీసుకుంటారు. వేరే పనికి వాడుకోవాలంటే నిన్ను మళ్ళీ అడగాలి" అన్నాను. "అడిగితే ఇస్తాను. పక్కింటి కామేశ్వరి కరివేపాకు రెబ్బ తుంపుకున్నా అడిగే తుంపుకుంటుంది" అంది. మర్నాడే వెళ్ళింది. గడ్డ చిన్నదిగా ఉండగానే దొరికింది. హార్మోను మాత్రలకి లొంగే రకం అని ఆ ముక్కే చెప్పింది. అమ్మ ఇప్పటికీ ఏటేటా ఆవకాయ పెడుతోంది.

జర్మనీ ఫారాల్లో అమ్మ ప్రశ్నకి జవాబు రాసే ఉంటుంది, చదవాలంతే. 2020 నుంచి ఇక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రులు వాడుతున్న నమూనా ఫారం ప్రకారం, సంతకం పెడితే మిగిలిన ముక్క మీద యాజమాన్యం ఆసుపత్రికి పోతుంది. కాని మీ వ్యక్తిగత హక్కులు పోవు. కారణం చెప్పకుండా ఎప్పుడైనా అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. మీ పేరుకి బదులు ఒక సంకేత సంఖ్య వేస్తారు. వాడుకునే గడువు 30 ఏళ్ళు. సంతకం పెట్టకపోయినా మీ వైద్యంలో తేడా రాకూడదు, రాదు.

మరి పెట్టాలా? నా అభిప్రాయం, ఆలోచించి పెట్టడమే మంచిది. కారణం మనమే. ఈ మధ్య వంశపారంపర్య క్యాన్సరు పరీక్ష చేయించుకున్న మన ఆడవాళ్ళ రిపోర్టుల్లో, "జన్యువులో మార్పు ఉంది, దాని అర్థం ఇంకా తెలియదు" అన్న మాట కనబడుతూ ఉంటుంది. యూరపు సంతతివాళ్ళకి ఇది తక్కువగా వస్తుంది. పోల్చి చూడ్డానికి ప్రపంచంలో పోగైన నమూనాల్లో ఎక్కువ భాగం వాళ్ళవే కావడం దీనికి ఒక ముఖ్య కారణం. జర్మనీలో 2014లో మొదలైన నాకో అధ్యయనంలో 200,000 మందికి పైగా రక్తం వగైరా నమూనాలు ఇచ్చారు. అలాంటి చోట్ల మన బోటివాళ్ళు లేకపోతే మన పిల్లల రిపోర్టుల్లో కూడా "అర్థం తెలియదు" అనే రాస్తారు.

మన సంగతులు మనం చూసుకుంటే ఎంత ఉపయోగమో ఒక ఉదాహరణ. మన వైశ్య కుటుంబాల్లో కొందరికి మత్తుమందుతో ఇచ్చే ఒక ఇంజెక్షను మామూలుగా నిమిషాల్లో వదలవలసింది గంటల తరబడి వదలదు, ఊపిరి యంత్రం మీద ఉంచాల్సి వస్తుంది. దాన్ని కరిగించే ఎంజైము లోపం జన్యువులో ఉందని పరిశోధనలో తేలింది. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు దీనిమీద పనిచేశారు. ఎవరో కొందరు రక్తం ఇచ్చారు గనక తెలిసింది. ఇది తెలిసిన కుటుంబం ఆపరేషనుకి ముందు జర్మను మత్తు డాక్టరుకి ఒక్క మాట చెబితే చాలు, వేరే మందు ఇస్తాడు.

పాథాలజిస్టులంటే శవాల డాక్టర్లనుకునే మా బాబాయి వంటివారికి ఒక పేరు చెప్పాలి. వులిమిరి రామలింగస్వామి గారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివారు. ఆయనా పాథాలజిస్టే. మైక్రోస్కోపు దగ్గరే ఆగకుండా హిమాలయాల కింద కాంగ్రా లోయ పల్లెల్లో తిరిగి, ఉప్పులో అయొడిన్ కలిపితే గొంతు వాపు తగ్గుతుందని రుజువు చేసినవారిలో ముఖ్యులు. తరవాత ఢిల్లీ ఎయిమ్స్‌కి డైరెక్టరయ్యారు. ఇవాళ మనం వాడే అయొడిన్ ఉప్పు పొట్లం వెనక ఒక తెలుగు పాథాలజిస్టు ఉన్నాడు.

కాబట్టి ఫారం చేతికొచ్చినప్పుడు మొహమాటపడకుండా నాలుగు సంగతులు అడగండి. వైద్యానికి కావలసినంత ముక్క దాచాకే మిగిలింది వాడుకుంటారా? దేశం బయటికి, కంపెనీలకి పంపుతారా? జన్యు పరీక్ష చేస్తే, అందులో నా కుటుంబానికి సంబంధించిన విషయం బయటపడితే నాకు చెబుతారా, వద్దంటే మానేస్తారా? అనుమతి వెనక్కి తీసుకుంటే ముక్కని ఏం చేస్తారు? జర్మను రాకపోతే దుబాసీని అడగండి, పదేళ్ళ కొడుకు చేత చదివించకండి. ఇంట్లో పెద్దవాళ్ళ తరఫున మీరు సంతకం పెట్టాల్సి వస్తే ముందు వాళ్ళకి తెలుగులో చెప్పండి. మా అమ్మలాగా వాళ్ళూ మంచి ప్రశ్న అడుగుతారు.

రోగం చూడ్డానికి తీసే ముక్కకి మాత్రం వెనకాడకండి, వాయిదా వెయ్యకండి. పరిశోధనకి అడిగే ముక్క మీ ఇష్టం. ఇస్తే తెలిసి ఇవ్వండి, మానేస్తే తెలిసి మానెయ్యండి. ఈ కొత్త సంవత్సరంలో మనవాళ్ళెవరికీ నాతో వృత్తిపరంగా పని పడకూడదని కోరుకుంటూ, పడితే ఆలస్యం కాకూడదని కూడా కోరుకుంటూ, అందరికీ ఉగాది శుభాకాంక్షలు.